సున్నా దగ్గర ముల్లు

నేను ఒక కంప్రెషన్ గేజిని. కారు ఇంజనులో ఎంత దమ్ము మిగిలి ఉందో కొలిచి చెప్పడం నా పని. నా ముఖం పూరీ అంత ఉంటుంది. గాజు కింద తెల్లటి పళ్లెం, దాని అంచున సున్నా నుంచి మూడు వందల దాకా అంకెలు, మధ్యలో ఒక నల్లటి ముల్లు. మెడ కింద మూరెడు రబ్బరు గొట్టం, దాని చివర మరలు తొలిచిన ఇత్తడి మూతి. నన్ను చూసి చాలామంది టైర్లలో గాలి చూసే వస్తువనుకుంటారు. ఆ మాట వింటే ఒకప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండదు. ఎందుకు మండదో చెప్పుకుందామనే నోరు విప్పాను.

నేను పుట్టింది కోయంబత్తూరు దగ్గర ఒక చిన్న కార్ఖానాలో. నా కడుపులో సన్నటి ఇత్తడి గొట్టం ఒకటి గుండ్రంగా వంగి ఉంటుంది. అందులోకి గాలి తోసుకొస్తే అది కాస్త విచ్చుకుంటుంది, దానికి తగిలించిన పళ్లచక్రం తిరుగుతుంది, చక్రంతో పాటు ముల్లు తిరుగుతుంది. నాలో ఉన్న విద్యంతా అంతే. చివర్లో ఒకావిడ నా ముల్లును ఆ చక్రం ఇరుసు కొనమీద ఆనించి, చిన్న సుత్తితో టక్కున ఒక్క దెబ్బ వేసింది. మర లేదు, అతుకు లేదు, ఆ దెబ్బ బిగువే ఆధారం. సున్నా దగ్గర బుల్లి మేకు ఒకటి ఉంటుంది, ముల్లు అంతకంటే వెనక్కి జారకుండా. తరువాత నన్ను ఒక పెద్ద గేజి పక్కన నిలబెట్టి మూడుసార్లు పరీక్షించి, వీపు మీద ముద్ర కొట్టారు. ఆ ముద్రతో నాకు తలకెక్కిన గర్వం చాలా ఏళ్లు దిగలేదు.

మొదట నన్ను గుంటూరులో ఒక పెద్ద సర్వీసు షెడ్డు వాళ్లు కొన్నారు. కొన్నారన్న మాటే గానీ వాడింది లేదు. ఆరేళ్లు అద్దాల బీరువాలో ఉన్నాను. పై అధికారులు తనిఖీకి వచ్చే రోజున తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టేవాళ్లు. పనిముట్టును చూపించడానికి కొనేవాళ్లు కూడా ఉంటారని తెలిసి నేను నోరెళ్లబెట్టాను. మనుషుల విషయంలో నాకు తగిలిన మొదటి దెబ్బ అది. చివరికి ఆ షెడ్డు మూతపడి, పాత స్పానర్లతో కలిపి నన్ను గోనెసంచిలో పోశారు. ఆ సంచిలోంచి నన్ను ఏరుకున్నవాడు చిలకలూరిపేట కోటిలింగం మేస్త్రి.

కోటిలింగం షెడ్డు పేటలో హైవే పక్కన ఉంది. అప్పటిదాకా అతను ఇంజను దమ్మును బొటనవేలితో చూసేవాడు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రం మీద వేలు నొక్కిపెట్టి, ఇంజను తిప్పించేవాడు. గాలి వేలిని ఎగరగొడితే బాగున్నట్టు, మెత్తగా తోస్తే పోయినట్టు. నేను వచ్చాక వేలికి విశ్రాంతి దొరికింది.

మీకు తెలియకపోవచ్చు గనక చెబుతాను. కారు ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కో దాంట్లో పిస్టన్ పైకి వచ్చి గాలిని గట్టిగా నొక్కాలి. పిస్టను చుట్టూ ఉన్న రింగులు అరిగినా, వాల్వు సరిగా మూసుకోకపోయినా ఆ గాలి సందుల్లోంచి జారిపోతుంది. బండి లాగదు, ఎత్తు రాగానే చతికిలబడుతుంది. అప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి, నా మూతిని ఒక రంధ్రంలో బిగిస్తారు. ఎక్సలేటరు అడుగుదాకా తొక్కి తాళం తిప్పితే ఇంజను డుగుడుగుమంటుంది, నా ముల్లు మెట్లెక్కినట్టు పైకి పోతుంది. అయిదారు మెట్ల తరువాత ఆగిపోతుంది, నా పక్కనున్న బొత్తాం నొక్కి గాలి వదిలేదాకా అక్కడే నిలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనయితే నూట అరవై పౌండ్ల దగ్గర ఆగుతుంది. వంద దగ్గరే ఆగితే ఇల్లు గుల్లయినట్టే.

కోటిలింగానికి ఒక పద్ధతి ఉంది. సీట్లో కూర్చుని తాళం తిప్పేది బండి యజమానే. తిప్పాక దిగొచ్చి అంకె చదవాల్సింది కూడా అతనే. "నేను చెప్పను. ముల్లు చెబుద్ది, నువ్వు చదువుకో," అనేవాడు. అలా ఎన్ని మొహాలు నా మీద వంగాయో లెక్కలేదు. డెబ్బై చూసి పాత టైరు మీద కూలబడి సోడా అడిగిన పెద్దమనిషి ఉన్నాడు. నా గాజును వేలితో తట్టి, ఇంకో పది పెరుగుతుందేమోనని చూసినవాళ్లు ఉన్నారు. తన ఒంట్లో బీపీ ఎంతుందో ఎన్నడూ చూపించుకోనివాడు కారుకు ముప్పై పౌండ్లు తగ్గితే గుండె పట్టుకునేవాడు. నేను మాత్రం చలించేదాన్ని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా ధర్మం అనుకుంటూ మెడ నిటారుగా పెట్టుకుని ఉండేదాన్ని.

పక్క సందులో ఖాజావలి లేత్ షాపు ఉంది. అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిచి నున్నగా చేసే బోరింగ్ మిషను పేటలో ఆయన దగ్గరే ఉండేది. మనిషి వయసులో కోటిలింగం కంటే పదేళ్లు పెద్ద. మాట తక్కువ. ఇద్దరూ పద్దెనిమిదేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. ఇంజను పూర్తయ్యాక, సిలిండర్లుండే ఇనుప బ్లాకు మూల మీద ఖాజావలి మొనదేలిన పంచితో మూడు చుక్కలు కొట్టేవాడు, వాటి పక్కన కోటిలింగం రెండు చుక్కలు కొట్టేవాడు. బోరు తొలిచింది ఒకరు, బిగించింది ఒకరు అని దాని అర్థం. అయిదు చుక్కలున్న ఇంజను అంటే పేటలో ఇంక ఎవరూ వంక పెట్టేవాళ్లు కాదు.

ఒకరోజు ఏసుపాదం తన కారు తీసుకొచ్చాడు. కోటప్పకొండకు జనాన్ని ఎక్కించుకుపోయే బాడుగ బండి అతనిది. కొండదారిలో రెండో మలుపు దగ్గర బండి మొరాయిస్తోందట, ఎక్కిన వాళ్లను దింపి నడిపించాల్సి వస్తోందట. "ముసలోళ్లు నన్ను తిట్టుకుంటా నడుస్తున్నారు మేస్త్రీ. సూళ్లేకపోతున్నా," అన్నాడు.

నన్ను బిగించారు. నూట అయిదు, వంద, అరవై, వంద. అరవై వచ్చిన సిలిండర్లో కోటిలింగం చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ తిప్పించాడు. నూట పదికి లేచింది. ఆయిలు సందులు మూస్తే అంకె లేచిందంటే రింగులూ బోరూ అరిగాయన్న మాట, వాల్వుల తప్పు కాదు. నిజమే చెప్పాను. అది నేను చెప్పిన ఆఖరి నిజం.

ఇంజను దింపిన రోజున నేను బల్లమీద ఉన్నాను. గొలుసు కప్పీకి ఇంజను వేలాడుతోంది. కోటిలింగం దాన్ని పట్టుకుని వెనక్కి నడుస్తూ మోచేత్తో నన్ను తోశాడు. సిమెంటు నేలమీద మొహం బోర్లా పడ్డాను. కడుపులో ఏదో మెలిపడినట్టయింది, అంతే. గాజు పగల్లేదు. పగిలి ఉంటే ఎంత బాగుండేదో. అతను నన్ను తీసి, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. "సున్నా మీదే ఉంది. ఏం కాలా," అన్నాడు. నేనూ చూసుకున్నాను. సున్నా మీదే ఉన్నాను. నేనూ అలాగే అనుకున్నాను.

బ్లాకు ఖాజావలి దగ్గరికి వెళ్లి నున్నటి బోర్లతో తిరిగొచ్చింది. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేసి కోటిలింగం బిగించాడు. అయిదు చుక్కలూ పడ్డాయి. మేస్త్రి, ఖాజావలి పక్కన నిలబడి ఉండగా ఏసుపాదం తాళం తిప్పాడు, దిగొచ్చి అంకె చదివాడు. నూట ఇరవై. రెండోది నూట ఇరవై. మూడు, నాలుగు కూడా అంతే. కోటిలింగం మొహం పాలిపోయింది. అలాంటి అంకె అయిదు చుక్కల ఇంజనుకు ఎప్పుడూ రాలేదు.

"రింగులు ఇంకా కూర్చోలా. వెయ్యి కిలోమీటర్లు తిరిగి రానీ," అన్నాడు ఖాజావలి.

అది సబబే. కొత్త రింగులు బోరుకు అలవాటుపడడానికి కొంత నడవాలి. ఏసుపాదం వెయ్యి కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చాడు. మళ్లీ బిగించారు. నాలుగింటిలోనూ నూట పాతిక. చెంచాడు ఆయిలు పోస్తే నూట ముప్పై అయిదు. కోటిలింగం నన్ను చేత్తో ఎత్తి ఖాజావలి కళ్లముందు పెట్టాడు.

"కొలిచే ఇచ్చా లింగా," అన్నాడు ఖాజావలి.

"కొలిస్తే ఇదేంది మరి? పిస్టన్లు కొత్తయ్యి, రింగులు కొత్తయ్యి. బిగించింది నేను. ఇంక మిగిలిన పని ఎవరిది భాయ్?"

ఖాజావలి కళ్లజోడు పైకి నెట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు. తరువాత తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు. భుజం మీద తువ్వాలుతో చేతులు తుడుచుకుని సందులోకి నడిచి వెళ్లిపోయాడు.

"తప్పు లేనోడైతే నోరు ఇప్పడా?" అన్నాడు కోటిలింగం.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అలాగే అనిపించింది. దొరికిపోయాడు అనుకున్నాను. దొంగను పట్టించిన వాడిలా మురిసిపోయాను. కోటిలింగం ఆకురాయి తీసుకుని ఏసుపాదం బండి బానెట్టులోకి వంగి, బ్లాకు మూల మీద ఉన్న మూడు చుక్కలనూ గీకేశాడు. ఇనుప రజను రాలుతున్నంతసేపూ ఏసుపాదం పక్కకు చూస్తూ నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల స్నేహం రాలిపోవడానికి అయిదు నిమిషాలు పట్టలేదు.

ఆ తరువాత కోటిలింగం బ్లాకులను గుంటూరు పంపించడం మొదలుపెట్టాడు. మొదటి ఇంజను వచ్చింది, బిగించాడు, నూట పాతిక. రెండోది నూట ఇరవై. గుంటూరు వాణ్ణి తిట్టాడు. ఆపైన రింగుల డబ్బాను అటూ ఇటూ తిప్పి, అది నకిలీ సరుకన్నాడు. ఆపైన ఆయిలు కల్తీ అన్నాడు. లోకంలో ఉన్న ప్రతి వస్తువునూ, ప్రతి మనిషినీ అనుమానించాడు గానీ తనను అనుమానించుకోలేదు, నన్ను అనుమానించలేదు. నాలుగు నెలలు అలా గడిచాయి. ఖాజావలి ఇటువైపు రాలేదు, ఇతను అటువైపు పోలేదు.

ఒక పొద్దున ఏసుపాదం ఆయిలు మార్పించుకోవడానికి వచ్చాడు.

"బండి బానే లాగుద్ది మేస్త్రీ."

"నూట పాతికతో ఏం లాగుద్దయ్యా? నీకట్టా అనిపిస్తది."

"అనిపించేదేంది, రోజూ ఎక్కుతుంటే. ఒక్కరిని దింపలా ఈ నాలుగు నెలల్లో."

"ముల్లు చూశావుగా."

ఏసుపాదానికి ఓపిక నశించింది. "కొండెక్కేది ముల్లు కాదు, బండి. ఆ గేజి కూడా పట్టుకుని రా. కూర్చో."

కోటిలింగం నన్ను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కొండ పైన వేడి ఇంజనుకే నన్ను బిగించి మేస్త్రి నోరు మూయిద్దామని ఏసుపాదం ఆలోచన. వెనక నలుగురు భారీ మనుషులు, డిక్కీ నిండా వంట సామాను. రెండో మలుపు వచ్చింది. ఏసుపాదం గేరు తగ్గించలేదు. మూడో గేరులోనే బండి మలుపు తిరిగి, పొగ లేకుండా, దగ్గు లేకుండా పైకి పోయింది. కోటిలింగం చేతులు నా చుట్టూ బిగుసుకున్నాయి. నాకు భయం వేయడం మొదలయింది అప్పుడే. నూట పాతిక పౌండ్ల ఇంజను ఇంత బరువుతో ఇలా ఎక్కదు. ఎక్కుతోంది. నాకు రెప్పలుంటే మూసుకునేదాన్ని.

పైన బానెట్టు ఎత్తి బిగించారు. నూట పాతిక.

కోటిలింగం చాలాసేపు కొండ అంచున నిలబడ్డాడు. కొండ దిగాక ఒక పంచరు షాపు ముందు, "ఆపు," అన్నాడు.

ఆ షాపులో గాలి ట్యాంకు మీద దుమ్ముకొట్టుకుపోయిన పాత మీటరు ఉంది. టైర్లలో గాలి చూసేది. కోటిలింగం ఒక జోడింపు ముక్క వెతికి, నా మూతిని ట్యాంకు గొట్టానికి తగిలించాడు. ట్యాంకు మీటరు వంద చూపించింది. నేను అరవై అయిదు చూపించాను.

దాందే తప్పు అనుకున్నాను. దుమ్ముకొట్టుకున్న టైర్ల మీటరుకు ఏం తెలుసు అనుకున్నాను. కోటిలింగం మాత్రం ట్యాంకులో గాలి తగ్గిస్తూ, నా పక్క బొత్తాం నొక్కి పాత గాలి వదిలేస్తూ, మళ్లీ మళ్లీ చూశాడు. అది డెబ్బై అంటే నేను ముప్పై అయిదు అన్నాను. అది యాభై అంటే నేను పదిహేను అన్నాను. అది ముప్పై అంది. నా ముల్లు మేకు మీంచి కదల్లేదు.

ముప్పై పౌండ్ల గాలి నా కడుపులో నిజంగా ఉంది. ఆ ఒత్తిడి నాకు తెలుస్తోంది. ఇత్తడి గొట్టం విచ్చుకుంటోంది. అయినా నా మొహం సున్నా అంటోంది. జరిగింది అప్పుడు తెలిసింది. పడిన రోజున ముల్లు ఇరుసు మీద వెనక్కి జారింది. మేకు అడ్డం లేకపోతే సున్నా కిందికి పోయి ఉండేది, ఎవరో ఒకరు చూసి ఉండేవాళ్లు. మేకు దాన్ని సరిగ్గా సున్నా దగ్గర పట్టి నిలబెట్టింది. ఆ రోజు నుంచి నేను చెప్పిన ప్రతి అంకె ముప్పై అయిదు తక్కువ. నూట పాతిక కాదు, నూట అరవై. అయిదు చుక్కల ఇంజనుకు రావలసినంతా వచ్చింది.

కోటిలింగం పంచరు షాపు నేలమీద కూర్చుండిపోయాడు. "వలీ భాయ్," అన్నాడు, ఎదురుగా ఆయన ఉన్నట్టు.

అదే మధ్యాహ్నం ఏసుపాదం బండి ఖాజావలి షాపు ముందు ఆగింది. కోటిలింగం నన్ను పట్టుకుని లోపలికి పరుగులాంటి నడకతో వెళ్లి, గుమ్మం దాటగానే ఆగిపోయాడు. బోరింగ్ మిషను ఉండే చోట సిమెంటు దిమ్మ ఉంది. దిమ్మలోంచి నాలుగు బోల్టులు నిలబడి ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

"ఒంగోలు వాళ్లు తీసుకుపోయారు. పదిహేను రోజులయింది," అన్నాడు ఖాజావలి, స్టూలు మీంచి లేవకుండానే.

కోటిలింగం జరిగింది చెప్పాడు. ట్యాంకు, ముప్పై అయిదు, మేకు, అన్నీ చెప్పాడు. చెప్పి ఆయన కాళ్లు పట్టుకోబోతే ఖాజావలి చేతులు అడ్డం పెట్టాడు.

"ఒక్క మాట ఎదురు చెప్పలేదేంది భాయ్ ఆ రోజు? తిట్టాల్సింది నన్ను," అన్నాడు కోటిలింగం.

"నువ్వొక మాటంటే నేను రెండు అనేవాణ్ణి లింగా. నీ మాటకు కాదు నేను ఊరుకుంది. ముల్లు చూశా. నేను కొలిచింది సరిగ్గానే ఉంది, ముల్లేమో తప్పంటంది. అరవై దాటినయ్, కళ్లు పోయినయ్, చెయ్యి పట్టు తప్పింది అనుకున్నా. ఇంకొకడి ఇంజను చెడగొట్టడం దేనికని మిషను అమ్మేశా."

నేను ఇంతవరకు మనుషుల అమాయకత్వం మీద ఎన్ని వేళాకోళాలు ఆడానో మీరు విన్నారు. ఆ మాటతో నా వేళాకోళం అంతా గొంతులోనే చచ్చిపోయింది. ఆయన నన్ను నమ్మాడు. నలభై ఏళ్లు ఇనుము తొలిచిన తన చేతికంటే, గోనెసంచిలోంచి వచ్చిన నన్ను నమ్మాడు. ఆ రోజు తన అరచేతిని ఎందుకు తిప్పి చూసుకున్నాడో నాకు అప్పుడు అర్థమయింది. నేను దొంగను పట్టించాననుకున్నాను. ఒక మంచి పనివాడి చేతినే పనికిరాదని తీర్పు చెప్పాను.

కోటిలింగం బల్లమీద సుత్తి అందుకుని నన్ను దిమ్మ మీద పెట్టాడు. కొట్టేస్తే బాగుండుననే నేనూ అనుకున్నాను. ఖాజావలి సుత్తి లాక్కున్నాడు.

"దాన్ని పగలగొడితే ఏమొస్తది? సున్నా మీదుంటే చాలనుకుంది మనం." సుత్తిని బల్లమీద పెట్టి, "ఏసుపాదం, బండి బానెట్టు ఎత్తు," అన్నాడు.

ఆయన తన చేత్తోనే ఒక ప్లగ్గు విప్పాడు. రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి, తిప్పమన్నాడు. ఏసుపాదం తాళం తిప్పాడు. టప్పుమని శబ్దం వచ్చింది. గాలి ఆయన వేలిని ఎగరగొట్టేసింది. ఆయన మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎగిరింది. వేలు ఎర్రబడింది. నాలుగోసారి ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, కళ్లజోడు మీద చెమటో మరొకటో కారుతోంది. కోటిలింగం సుత్తీ పంచీ ఇచ్చాడు. ఆకురాయి గీసిన మెరుపు మచ్చ మీద ఖాజావలి మూడు చుక్కలు కొట్టాడు. మూడూ వరసలో, సమాన దూరంలో పడ్డాయి. చెయ్యి పట్టు తప్పలేదు.

మిషను మాత్రం తిరిగి రాలేదు. ఒంగోలులో దాన్ని మరో దిమ్మకు బిగించేశారు, కోటిలింగం రెండుసార్లు పోయి అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు పేట ఇంజన్ల బోరింగ్ గుంటూరులోనే జరుగుతోంది. వచ్చిన ప్రతి బ్లాకునూ కోటిలింగం మొదట ఈ షాపుకు తీసుకొస్తాడు. ఖాజావలి బోర్లను కొలిచి, వేలితో లోపల తడిమి, సరే అంటేనే దాన్ని తీసుకెళ్లి బిగిస్తాడు. తనకు ఒక కొత్త గేజి కొనుక్కున్నాడు. దాన్ని నెలకోసారి పంచరు షాపుకు తీసుకెళ్లి టైర్ల మీటరు ముందు నిలబెడతాడట.

నన్ను ఖాజావలి తన గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. ముల్లు పీకి సరిగా నొక్కిపెట్టడం ఆయనకు రెండు నిమిషాల పని. కోటిలింగం అడిగాడు కూడా. "అట్టాగే ఉండనీ," అన్నాడు. నా కింద ఆ దిమ్మ, దిమ్మలో ఆ నాలుగు బోల్టులు ఉన్నాయి. వాటికి ఆయన అప్పుడప్పుడు నూనె రాస్తుంటాడు, తుప్పు పట్టకుండా.

షాపులోకి వచ్చినవాళ్లు నన్ను చూసి, "టైర్లలో గాలి చూసేదా?" అని అడుగుతుంటారు. దగ్గరికొచ్చి గాజు మీద దుమ్ము తుడిచి చూస్తారు. ముల్లు సరిగ్గా సున్నా మీద ఉంటుంది. "బానే ఉందిగా," అని వెళ్లిపోతారు.